పరదా వెనక బగారన్నం

ఏంజెల్ అన్న పేరు ఆమెకు అమ్మానాన్నలు పెట్టింది కాదు, తనకు తానే పెట్టుకుంది. చిన్నప్పుడు సారపాకలో ఆదివారం జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి ఒకసారి పిల్లలందర్నీ చాప మీద కూర్చోబెట్టి, దేవదూతలు ఆడవాళ్ళూ కాదు, మగవాళ్ళూ కాదు, అయినా దేవుడికి వాళ్ళంటే ఎంతో ముద్దు అని చెప్పాడు. మిగతా పిల్లలు ఆ మాట విని, తర్వాత పంచిన బిస్కెట్లు తిని, రెండూ మరిచిపోయారు. ఒక్క బిడ్డ మాత్రం మరవలేదు. అబ్బాయని ఊరంతా అనుకుంటున్న ఆ బిడ్డకు తను అబ్బాయి కాదని అప్పటికే తెలుసు. ఏళ్ళు గడిచాక చీర కట్టి, జడ వేసి, ఏంజెల్‌గా అదే ఉపదేశి ఇంటికి పోయి దండం పెట్టింది. ఆయన పైనుంచి కిందికి చూసి, "దేవదూతలు పరలోకంల ఉంటరు బిడ్డా, సారపాకల గాదు" అని తలుపు వేసుకున్నాడు. మంచి మనిషి, గట్టిగా వెయ్యలేదు.

తండ్రి పేపరు మిల్లుకు వచ్చే వెదురు లారీల దగ్గర కూలీ. బతుకంతా వెదురు మోసినా వంగడం నేర్చుకోని మనిషి. "ఈ ఇంట్ల నా కొడుకన్న ఉండాలె, లేకుంటే నేనన్న ఉండాలె" అన్నాడు. కొడుకు అప్పటికే లేడు కాబట్టి ఏంజెల్ సంచి సర్దుకుంది.

తల్లి అంతోనమ్మ మాత్రం వారం వారం భద్రాచలం సంతకు వస్తుంది. కూరగాయల బుట్ట ముందు కూతురు పక్కనే కూర్చుంటుంది గాని, తెలిసినవాళ్ళు చూసి మొగుడి చెవిన వేస్తారని ఆమె వైపు తిరగదు. వంకాయలు ఏరుతూ, వాటితో మాట్లాడుతున్నట్టు, "మంచిగున్నవా బిడ్డా? తింటున్నవా? గట్ల సన్నగైనవేంది?" అంటుంది. ఏంజెల్ కూడా వంకాయలకే జవాబు చెబుతుంది. కూరగాయలమ్మే ఆమెకు ఈ సంగతి ఎప్పుడో తెలిసిపోయింది. పాపం, తక్కెడ పట్టుకుని కావాలనే ఆలస్యం చేస్తుంది.

ఇల్లు వదిలాక ఏంజెల్‌కు ఒక వింత సంగతి తెలిసింది. లోకంలో అందరూ మంచివాళ్ళే. గది కిరాయికి అడిగితే ఓనరు, "నాకేం లేదమ్మా, పక్కింటోళ్ళు ఊకోరు" అనేవాడు. పక్కింటివాళ్ళను అడిగితే, "మాకేం లేదమ్మా, జనం ఏమంటరో" అనేవారు. భద్రాచలంలో ఒక బట్టల దుకాణం యజమాని కొత్త కొట్టు తెరిచేటప్పుడు ఆటో పంపించి మరీ ఆమెను పిలిపించుకున్నాడు. ఆమె చేతి మీదుగా బోణీ చేయించుకున్నాడు, గల్లాపెట్టె మీద ఆమె చెయ్యి పెట్టించుకున్నాడు, దీవెన తీసుకుని కళ్ళు ఒత్తుకున్నాడు. అదే కొట్టులో చీరలు మడతపెట్టే పని ఇమ్మంటే మాత్రం, "నాకేం లేదు తల్లీ, జనం లోపలికి రారు" అన్నాడు. అంటే ఆమె చెయ్యి గల్లాపెట్టెకు మంచిది, చీరలకు మంచిది కాదు. చెడ్డది జనమొక్కటే. ఆ జనం అనే పెద్దమనిషి ఎక్కడుంటాడో తెలిస్తే ఒకసారి పోయి మాట్లాడి వద్దామని ఏంజెల్ చాలా వీధులు తిరిగింది. ఏ ఇంట్లో అడిగినా ఆయన పక్కింట్లో ఉంటాడని చెప్పారు.

కొన్నాళ్ళు తనలాంటివాళ్ళతో కలిసి అంగళ్ళ వెంట చప్పట్లు కొడుతూ తిరిగింది. ఎవరూ గడప తొక్కనివ్వని రోజుల్లో వాళ్ళే ఆమెకు ఇంత అన్నం పెట్టారు, ఆ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. కానీ చెయ్యి చాపిన ప్రతిసారీ ఆమెకు లోపల ఏదో చచ్చేది. పని అడిగితే దండం పెట్టి పొమ్మంటారు, అడుక్కుంటే పనిచేసుకు బతకలేరా అంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని పెద్దలు ఎవర్ని చూసి అన్నారో గాని, అచ్చంగా సరిపోయింది.

గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటిన ఏడాది లోతట్టు కాలనీలు మునిగి, వాళ్ళందర్నీ ఒక బడిలోకి చేర్చారు. ఒక వరుస గదులు మగవాళ్ళకు, ఒక వరుస ఆడవాళ్ళకు. ఏంజెల్ తడిసిన సంచితో వరండాలో నిలబడింది. మగవాళ్ళ గదివైపు చూస్తే వెకిలి నవ్వులు. ఆడవాళ్ళ గదివైపు చూస్తే కొంగులు సర్దుకోవడాలు. నిండా మునిగినవాడికి చలేమిటంటారు గాని, నిండా మునిగినవాళ్ళకు కూడా పక్కవాళ్ళను చూసి ముడుచుకునే ఓపిక మిగిలే ఉంటుందని ఆరోజు తేలింది. శిబిరం చూసుకునే అధికారి చాలాసేపు తల గోక్కుని, చివరికి వంటపాక చూపించి, "అక్కడ పొయ్యి ఉంది, వెచ్చగా ఉంటది" అన్నాడు. ప్రభుత్వం ఏంజెల్‌కు ఇచ్చిన ఉపాధి శిక్షణ అదొక్కటే.

శిబిరం వంటకు పిలిపిస్తే వచ్చి ఆ వంటపాకలో గరిటె తిప్పుతున్నవాడు బొజ్జయ్య. జూలూరుపాడు చుట్టుపక్కల పెళ్ళయినా, దినమయినా బొజ్జయ్య బగారన్నం, మటన్ కూర ఉండాల్సిందే. కోపిష్టి, నోటి దురుసు, కానీ రుచి దగ్గర అబద్ధం ఆడడు. ఊరికే కూర్చోలేక ఏంజెల్ ఉల్లిగడ్డలు తరిగింది, పప్పు కలిపింది, ఒక పూట ఆయనకు జ్వరం వస్తే మొత్తం వంట దించింది. వరద తీసిపోయేసరికి బొజ్జయ్య, "నా ఎంబడి వస్తవా? నీ చేతిల రుచి ఉంది" అన్నాడు. ఏంజెల్ ఎగిరి గంతేయబోయింది. "నాకేం లేదు బిడ్డా. గానీ జనం…" అన్నాడు ఆయన. ఆ పెద్దమనిషి బొజ్జయ్య పక్కింట్లో కూడా ఉన్నాడన్నమాట.

అందుకని పరదా వచ్చింది. పెళ్ళి ఎక్కడైనా సరే, పొయ్యిల చుట్టూ షామియానా గుడ్డ కట్టేవారు. దాని వెనక నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఏంజెల్ వండేది. పరదా ముందు జోయెల్ ఉండేవాడు. బస్సులు కడిగే పని మానేసి వచ్చిన ఈ జోయెల్‌కు ఉల్లిగడ్డ కోస్తే వేలు తెగేది గాని, మనిషి పొడుగు, మీసం దట్టం, తలకు తువ్వాలు చుడితే పుట్టుకతోనే మేస్త్రిలా కనిపించేవాడు. భోజనాలయ్యాక ఎవరైనా "వంటమేస్త్రిని పిలువున్రి" అంటే అతనే పోయి, చేతులు కట్టుకుని, పొగడ్తలు అందుకునేవాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఎవరైనా మసాలా సంగతి అడిగితే "అది చెప్పరాదు" అనే దాకా వచ్చాడు. పరదా వెనక నుంచి ఏంజెల్ అన్నీ వినేది. నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. తన చేతి కూరను ఇంకొకడి పేరు మీద మెచ్చుకుంటుంటే వినడం ఎంత కష్టమో వండినవాళ్ళకే తెలుస్తుంది.

బొజ్జయ్య ఆమెతో ఒట్టు కూడా వేయించుకున్నాడు. "పెండ్లింట్ల పానం పోతున్నా సరే, వంట నాది అని నోరు జారొద్దు. తెలిసిందంటే తిన్నోళ్ళు తిన్నది కక్కుతరు, నా పొయ్యి ఆరిపోతది." ఏంజెల్ ఒట్టేసింది.

ఇలా ఉండగా బొజ్జయ్య మోకాళ్ళు అరిగిపోయి ఖమ్మంలో దవాఖానాలో చేరాల్సొచ్చింది. అదే వారం జూలూరుపాడులో షాలేమ్‌రాజు సార్ కొడుకు పెళ్ళి. బొజ్జయ్య మంచం మీద నుంచే ఏంజెల్‌ను పిలిచి, "ఇగ నేను పొయ్యి ముంగట నిలబడలేను. గీ పెండ్లి నువ్వొక్కదానివే సక్కగ ఎల్లదియ్యి. తర్వాత మేస్త్రివి నువ్వే. పరదా గిరదా ఉండది, ఎవలేమన్నా నేనే చెప్పుకుంట" అన్నాడు. ఏంజెల్ ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. ఇంటికొచ్చి కూడా నమ్మలేదు. తనను తన పేరుతో, తన పనితో ఒక్కరైనా పిలవాలని ఆమె కోరిక. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

షాలేమ్‌రాజు రిటైరైన మాస్టారు, సంఘపెద్ద. మూఢనమ్మకాల మీద ఆయన మాట్లాడితే మైకు వేడెక్కేది. "మా ఇంట్ల దిష్టి లేదు, శకునం లేదు, శాపం లేదు. ఉన్నది ప్రభువొక్కడే" అనేవాడు. అలాంటి మనిషి పెళ్ళిరోజు తన బావమరిది క్రీస్తుదాసును గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పని ఒక్కటే. పెళ్ళిళ్ళకు డబ్బులడగడానికి "వాళ్ళు" వస్తారు కదా, వాళ్ళను గేటు దగ్గరే సంతోషపెట్టి పంపెయ్యాలి. "నమ్మకమని కాదు బామ్మర్దీ, నోట్లకెళ్ళి చెడ్డమాట రావొద్దు. ఎందుకైనా మంచిది" అన్నాడు. ఎందుకైనా మంచిది అన్నది మన దగ్గర అన్ని మతాలకూ ఉమ్మడి సిద్ధాంతం.

ఆరోజు ఏంజెల్ చేసిన తప్పల్లా మంచి చీర కట్టుకోవడం. రేపటి నుంచి మేస్త్రిని కాబోతున్నాను, ఈరోజు కూడా నైటీయేనా అనుకుని, ఆకుపచ్చ చీర కట్టి, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుంది. పొద్దుటి నుంచీ పరదా వెనక పని పరుగు మీద సాగింది. మటన్ కూర దగ్గరపడింది. పెద్ద గుండిగలో బగారకు ఎసరు పెట్టింది. అప్పుడు చూసుకుంటే పుదీనా సంచి లేదు. కూరగాయలు తెచ్చిన ఆటోలోనే ఉండిపోయింది, ఆటో గేటు దగ్గర ఉంది. జోయెల్‌ను పిలిస్తే పలకలేదు. అతను మేస్త్రి కదా, వేదిక దగ్గర లైట్లు పెడుతున్న ఫొటోగ్రాఫరుతో ఫొటో దిగుతున్నాడు. పెళ్ళివాళ్ళంతా చర్చిలో ఉన్నారు, ఎవరు చూస్తారులే అనుకుని ఏంజెల్ పరదా దాటి గేటు దాకా నడిచింది. చేతులకు ధనియాల పొడి అంటుకుని ఉంటే, దులుపుకోవడానికి రెండు చేతులూ టపటపా కొట్టుకుంది.

ఆ చప్పుడుకు గేటు దగ్గరున్న మగవాళ్ళందరి చేతులూ ఒక్కసారి జేబుల్లోకి పోయాయి.

"రాన్రి అమ్మా, రాన్రి" అని క్రీస్తుదాసు కుర్చీలోంచి లేచాడు. "మీకోసమే పొద్దటి సంది కూసున్న."

"నేను దానికి రాలేదన్నా. పుదీన కోసం వచ్చిన."

"పైసలకు ఇదేం కొత్త పేరమ్మా!" అని ఆయన నవ్వి, ఒక నోటు ఆమె చేతిలో పెట్టాడు.

"అన్నా, నిజంగ. నేను లోపలికి పోవాలె. పొయ్యి మీద…" అని ఏంజెల్ నాలుక కరుచుకుంది. ఒట్టు గుర్తొచ్చింది. వంట నాదని చెబితే బొజ్జయ్య పొయ్యి ఆరిపోతుంది. చెప్పకపోతే లోపల ఎసరు ఆరిపోతుంది.

"లోపలికే వద్దనేది తల్లీ. పెండ్లిపిల్ల వచ్చే యాళ్ళయింది. అన్నాలైనంక పార్సిల్ పంపిస్త, సరేనా?" అంటూ ఆయన ఇంకో నోటు కలిపాడు. తర్వాత చెప్పులు విడిచి, తల వంచి, చుట్టూ ఒకసారి చూసి, "ప్రభువు నామంల జర మంచిగ దీవించు" అన్నాడు. ఆయన భార్య కూడా గబగబా వచ్చి, కూతురి కాన్పు సుఖంగా కావాలని తల వంచింది. వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. ఏంజెల్ ఏం చేస్తుంది? అందరి తలల మీదా ధనియాల పొడి చెయ్యి పెట్టింది. దీవెన అయిపోగానే వాళ్ళే ఆమెను ఇంకో ఆటో ఎక్కించి, డ్రైవరుకు కిరాయి కూడా ఇచ్చి, "జల్దీ పోనియ్యి" అన్నారు. అంత మర్యాదగా ఎవరినీ ఎవరూ ఎక్కడి నుంచీ గెంటి ఉండరు.

జామాయిల్ తోటలు మొదలయ్యే చోట టీ హోటల్ ముందు ఆటో దించేసి పోయింది. ఏంజెల్ బెంచీ మీద కూర్చుని, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తను వండుతున్న పెళ్ళి నుంచి తననే పంపించేశారు. పోనీ తిట్టి పంపితే తిరిగి తిట్టేది. దండం పెట్టి పంపారు. దండం పెట్టినవాళ్ళతో ఎలా కొట్లాడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఫోన్ మోగింది. జోయెల్.

"అక్కా, యాడున్నవ్? ఎసరు తెర్లుతాంది. ఏం జెయ్యాలె?"

ఏంజెల్‌కు ఒళ్ళు మండింది. "మేస్త్రివి నువ్వే గదా. నన్నడుగుతవేంది?"

"అక్కా, పరాచికాలాడకు. బియ్యం ఎప్పుడెయ్యాలె?"

"అది చెప్పరాదు" అని ఫోన్ పెట్టేసింది. తన వంట పాడవుతుంటే చూడగలిగే మనసు ఆమెకు లేదు. అయినా మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. కోపం అప్పుడప్పుడూ మనిషికి అవసరం.

తర్వాత అక్కడ జరిగింది జోయెల్ చెబితేనే తెలిసింది. అతను బియ్యమంతా ఒక్కసారే గుమ్మరించి, మంట ఎగదోసి, మూత పెట్టి, ప్రభువును నమ్ముకున్నాడు. కాసేపటికి అడుగు మాడింది, మధ్య జావైంది, పైన పలుకు మిగిలింది. ఒకే గుండిగలో మూడు రకాల అన్నం చేసిన మేస్త్రి ఆ చుట్టుపక్కల అతనొక్కడే. ఈలోగా చర్చి వదిలారు. పాస్టరు ప్రసంగం మామూలుగానే పొడుగు, పెళ్ళిజనం ఆకలి దానికి తగ్గట్టుగానే ఉంది. మాడు వాసన షాలేమ్‌రాజు ముక్కుకు తగిలింది.

"మేస్త్రిని పిలువున్రి!" అని ఆయన అరిచాడు. ఇన్నాళ్ళూ పొగడ్తలకు పోయిన జోయెల్ ఈసారీ పోక తప్పలేదు. చేతులు కట్టుకోవడం వరకు బాగానే చేశాడు. తర్వాత కాళ్ళ మీద పడ్డాడు. "నేను గాదు సార్. నేను ఉత్తగ నిలబడెటోణ్ణి. వండేది ఆమె. ఇందాక మీ బామ్మర్ది సారు పైసలిచ్చి ఆటో ఎక్కిచ్చిండంట గదా, ఆమె!"

క్రీస్తుదాసు నోరు తెరిచి, "అయితే పుదీన అన్నది నిజంగ పుదీనేనా!" అన్నాడు.

షాలేమ్‌రాజు కుర్చీలో కూలబడ్డాడు. ఊళ్ళో పోయిన ఏడాది తిన్న విందులన్నీ ఆయనకు వరుసగా గుర్తొచ్చాయి. అవన్నీ లొట్టలేసుకుని తిన్నవే, ఇప్పుడు కక్కుదామన్నా కుదరదు. ఒకవైపు వండిన చెయ్యి ఎవరిదో తెలిస్తే బంధువులేమంటారో అన్న భయం. ఇంకోవైపు పస్తుతో పంపితే బంధువులేమంటారో అన్న భయం. ఎంత పెద్ద సిద్ధాంతమైనా మధ్యాహ్నం రెండింటి దాకే నిలబడుతుంది. ఆయన గడియారం చూసుకుని, "తీస్కరాన్రి" అన్నాడు.

క్రీస్తుదాసు బండి మీద, వెనక జోయెల్‌ను ఎక్కించుకుని, ఆటోడ్రైవరు చెప్పిన గుర్తు ప్రకారం టీ హోటల్‌కు వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న ముఖం.

"తెల్వక జరిగిందమ్మా. బండెక్కు, పోదాం."

ఏంజెల్ ఆయన ఇచ్చిన నోట్లు కొంగు ముడిలోంచి తీసి ఆయన చేతిలోనే పెట్టింది. "ఇగో మీ పైసలు. దీవెన మాత్రం వాపస్ తీసుకోలేను, అది అయిపోయింది."

"అట్లనకు తల్లీ. జనమంతా ఆకలి మీదున్నరు."

"వస్తనన్నా. గానీ పరదా ఇప్పెయ్యాలె. అందరి ముంగట వండుత, నా చేత్తోనే వడ్డిస్త."

"అమ్మో, జనం ఊకోరమ్మా!"

"ఏ జనమన్నా? ఆకలైన జనమా, ఆకలి లేని జనమా?"

క్రీస్తుదాసు పక్కకు పోయి బావకు ఫోన్ చేశాడు. తిరిగొచ్చి, "సరే అన్నడు" అని నేల చూశాడు. బండెక్కుతుంటే ఏంజెల్‌కు భయం వేసింది. బొజ్జయ్యకు వేసిన ఒట్టు తనే తెంపుతోంది. జనం నిజంగా ఎంగిలి చెయ్యి కడిగేసి లేచిపోతే మేస్త్రి కావడం మాట అటుంచి, పరదా వెనక పని కూడా ఉండదు. వెనక్కి తిరిగి పోదామా అనిపించింది. పోలేదు.

షామియానా గుడ్డ విప్పేశారు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు జెస్సికా వేదిక మీద ఉన్నా, కుర్చీలన్నీ పొయ్యిలవైపు తిరిగాయి. అందరి కళ్ళూ తన మీద ఉండగా ఏంజెల్ చీర చెంగు నడుముకు దోపి, మాడిన గుండిగ దింపించి, అప్పటికప్పుడు దుకాణం నుంచి తెప్పించిన బియ్యంతో, ఆటోలో ఉండిపోయిన పుదీనాతో కొత్తగా ఎసరు పెట్టింది. తాలింపు వాసన లేచేసరికి కొన్ని ముఖాలు మెత్తబడ్డాయి. అన్నం దిగింది. అందరూ పాస్టరువైపు చూశారు. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆరోజు ప్రార్థన కొంచెం పొడుగైంది. కళ్ళు తెరిచాక కూడా గుండిగ అక్కడే ఉంది, ఏంజెల్ అక్కడే ఉంది. ఆయన పళ్ళెం చాపాడు. ఆయన వెనక ఊరు చాపింది.

ఏంజెల్ సంతోషం రెండు గరిటెల సేపు నిలిచింది. వరుసలో వచ్చినవాళ్ళు ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో నోటు పట్టుకొచ్చారు. "మావోడికి నౌకరి రావాలె, జర దీవించు తల్లీ" అని ఒకరు. "బోరు పడాలె" అని ఇంకొకరు. వద్దన్నా వినకుండా కూర గుండిగ మూత మీద నోట్లు పెట్టిపోయారు. ముద్ద నోట్లో పెట్టుకోకముందే "మస్తుంది తల్లీ, మస్తుంది" అన్నారు. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. గరిటె పట్టుకుని నిలబడ్డ ఏంజెల్‌కు దుఃఖం ముంచుకొచ్చింది. పరదా విప్పినా ఏం లాభం? వీళ్ళు వంటమేస్త్రి దగ్గర అన్నం తినడం లేదు. గేటు దగ్గరికి వచ్చినామెను సంతోషపెట్టి పంపుతున్నారు.

"ఎవలే గీ బగార వండింది?"

ఆ గొంతుకు షామియానా అంతా ఉలిక్కిపడింది. మొదటి వరుసలో కూర్చున్న ముసలామె, షాలేమ్‌రాజు తల్లి రాహేలమ్మ, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చెయ్యి ఊపుతోంది.

"ఉప్పేదే? ఉప్పు మీ అయ్య వచ్చి ఏస్తడా?"

షాలేమ్‌రాజు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, మెల్లగ! ఆమె వండింది. ఏమనకు. నోట్లకెళ్ళి ఏదన్న మాట వచ్చిందనుకో…"

"నా నోట్లకెళ్ళి రాదారా మాట? నాకు పండ్లు లేవు గాని నోరు లేదా? వండినదాన్ని అడగక ఎవల్ని అడగాలె, పాస్టరునా?"

ఏంజెల్ గరిటె పట్టుకునే వచ్చి, చేతిలో ఇంత అన్నం వేసుకుని నోట్లో పెట్టుకుంది. నిజమే. చప్పగా ఉంది. కొత్త ఎసరులో ఒక పిడికెడు ఉప్పు వేసి, రెండో పిడికెడు తీసేలోపు ఎవరో దీవించమని వస్తే అటు తిరిగింది, అంతే మరిచిపోయింది. తప్పు జోయెల్‌ది కాదు, క్రీస్తుదాసుది కాదు, జనానిది అసలే కాదు. ఆమెదే.

"తప్పైందమ్మమ్మా. ఎసట్ల ఉప్పు తక్కువేసిన."

"అవ్ మరి! గంత పెద్ద గుండిగ ఎక్కిచ్చినప్పుడు సోయి ఉండొద్దా? కూర మంచిగున్నది గనుక బతికిపోయినవ్. పో, పచ్చిపులుసుల ఇంత ఉప్పేసి పట్టుకరా. అన్నంల కలుపుకుంటే సదురుకుంటది." అని ముసలామె ఆమె ముఖంలోకి పరకాయించి చూసింది. "ఏడుస్తవేందే? ఒక్క మాటంటే ఏడుపా? నా కోడలు గూడ గిట్లనే."

ఏంజెల్ ఏడుస్తోంది నిజమే. ఎన్నేళ్ళుగానో ఊరు ఆమెకు దండం పెట్టింది, డబ్బులిచ్చింది, తలుపు వేసింది, వెనక నవ్వింది. ఉప్పు తక్కువైందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు.

ముసలామె కట్ట తెంచాక ఇంక నీళ్ళు ఆగుతాయా? "నిజమే, ఉప్పు తక్కువే, నేను గూడ అనుకున్న" అన్నాడు ఒకాయన. "ఇటు ముక్కలు రాలే, అంతా పులుసే పోసిన్రు" అంది ఒకావిడ. "ఎంతసేపమ్మా, గీ వరుస కనవడతలేదా?" అని వెనక నుంచి ఎవరో కేకేశారు. బయటికి వచ్చిన నోట్లు ఒక్కొక్కటే జేబుల్లోకి వెళ్ళిపోయాయి. ఏంజెల్ ముక్కు తుడుచుకుని, పచ్చిపులుసు బకెట్ అందుకుని, "వస్తన్న, ఆగున్రి! నాకున్నయి రెండే చేతులు" అని గట్టిగా కసిరింది. వాళ్ళు తిరిగి కసిరారు. జోయెల్ మంచినీళ్ళు పోస్తూ ఆమె వెనక తిరిగాడు. ఆ పని అతనికి బాగా వచ్చు.

గుండిగలు కడుగుతుండగా ఖమ్మం దవాఖానా నుంచి బొజ్జయ్య ఫోన్ చేశాడు.

"ఏమైంది బిడ్డా? పెండ్లి ఎట్లయింది?"

"ఉప్పు తక్కువైందని తిట్టిన్రు."

బొజ్జయ్య కంగారుపడ్డాడు. "ఎవల్ని తిట్టిన్రు? జోయెల్‌నా?"

"కాదు తాతా" అంది ఏంజెల్. "నన్నే."